దేవుడి తీర్పు మీ నోట రావొద్దు

అమరచింత, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ల పూజారులకు, ముజావర్లకు, పాస్టర్లకు, ఎల్లమ్మ, పోచమ్మ కొలుపులు చేసే బైండ్ల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యగార్లకు నమస్కారం, ముల్లా సాబులకు సలాం, పాస్టరుగార్లకు వందనాలు, బైండ్ల పెద్దలకు దండాలు.

మీ అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నానని నొచ్చుకోకండి. మన ఊళ్లో మనిషికి కష్టమొస్తే మీ అందరి గడపలూ తొక్కుతాడు. పిల్లకు జ్వరం తగ్గలేదంటే అయ్యగారికి జాతకం చూపిస్తాడు, దర్గాలో తాయెత్తు కట్టిస్తాడు, ఎవరో చెప్తే ఆదివారం చర్చికి పోయి ప్రార్థన చేయించుకుంటాడు, ఆఖరికి ఎల్లమ్మకు పట్నం వేయిస్తాడు. మధ్యలో ఎక్కడో ఆత్మకూరు దవాఖానకూ పోతాడు. ఏమైందో డాక్టరు చెప్తాడు. ‘నాకే ఎందుకైంది’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబు మీ దగ్గరే ఉందని ఆ మనిషి నమ్మకం. ఆ జవాబు గురించే నా మనవి.

మీలో చాలామంది ధైర్యం చెప్పి పంపుతారు, కాదనను. కానీ కొందరి నోట వచ్చే మాటలు కూడా మనందరికీ తెలుసు. “మొక్కు తప్పినవ్ బిడ్డా, తల్లి కోపం మీదున్నది.” “పోయిన జన్మల ఏం చేసినవో.” “ఇంట్ల పాపమున్నది, ఒప్పుకో.” “నమాజు ఇడ్సినందుకే ఇట్లయింది.” చెప్పినవాళ్లకు అది అలవాటైన మాట. విన్నవాళ్లు మాత్రం బతికినంత కాలం దాన్ని మోస్తారు. అప్పటికి వాళ్ల దగ్గరున్నది కష్టం ఒకటే. మీ మాటతో దానికి నేరం కూడా తోడవుతుంది.

దేవుడు శిక్షిస్తాడన్న నమ్మకాన్ని వదలమని మిమ్మల్ని అడగను. అడిగినా మీరు వదలరు, ఊరూ వదలదు. నేనడిగేది ఒకటే. తప్పు చేయబోయేవాడికి ఆ భయం గట్టిగా చెప్పండి. దెబ్బ తిని మీ ముందుకొచ్చినవాడి దగ్గర మాత్రం ఆ మాట ఎత్తకండి. జరగబోయే తప్పును ఆపేది హెచ్చరిక. జరిగిపోయిన కష్టానికి కారణం కట్టేది తీర్పు. హెచ్చరించే అధికారం మీ గ్రంథాలన్నీ మీకు ఇచ్చాయి. తీర్పు చెప్పే అధికారం ఏ ఒక్కటీ ఇవ్వలేదు.

ముందు ఆ భయం చేసిన మేలు చెప్పుకుందాం. బీదోడి ఉసురు ఊరికే పోదని మన పెద్దలు అనేవాళ్లు. గట్టు జరిపినవాడికి, కూలి ఎగ్గొట్టినవాడికి, అనాథ పొలం రాయించుకున్నవాడికి పోలీసు భయం లేదు, కోర్టు భయం లేదు. సంస్థానాల రోజుల్లో కోర్టన్నా కచేరీ అన్నా దొరదే కదా! గుప్పెడు మట్టి తీసి దోసిట్లో పట్టుకుని ఒక ముసలవ్వ శాపనార్థాలు పెడితే అంతటి దొరా జంకేవాడు. దిక్కులేనివాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. ఆ భయం కింది నుంచి పైకి పోయింది, బలవంతుడి చెయ్యి పట్టి ఆపింది.

పెద్ద కథల్లోనూ ఇదే నడక. అంగరాజ్యంలో వానలు పడకపోతే రోమపాదుడి తప్పు వల్లేనని రామాయణంలో ఉంది గాని, రైతుల పాపమని లేదు. చైనాలో చక్రవర్తి ఆకాశం ఇచ్చిన అధికారంతో ఏలుతున్నాడని నమ్మేవాళ్లు. కరవో భూకంపమో వస్తే చక్రవర్తే తన తప్పులు ఒప్పుకుంటూ ప్రజలకు ఫర్మానా రాసేవాడు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఏటి ఒడ్డుకు వచ్చి హిందువుల పద్ధతిలో హారతి ఇచ్చాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలో నిజమెంతైనా, తర్వాత జరిగింది చరిత్ర: మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన పథకం మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఏటికి దండం పెట్టిన రాజ్యమే ఏటికి కట్టా కట్టింది. మునిగిపోయిన పేటల జనాన్ని పిలిచి ‘మీ పాపమే ఇది’ అనలేదు.

మరి మన పల్లెల్లో ఈ భయం ఎటు పోయింది? పై నుంచి కిందికి పోయింది. జోగిని ఆచారమే దానికి సాక్ష్యం. నారాయణపేట, మక్తల్, గద్వాల, మన ఆత్మకూరు పట్టీలో ఈ మాట తెలియని ఇల్లు లేదు.

ఇంట్లో వరసగా జబ్బులొస్తాయి. ఎడ్లు చస్తాయి. ఆడపిల్ల జుట్టు జడలు కడుతుంది. చూసి చెప్పేవాళ్లు వస్తారు, శిగమూగుతారు. తల్లి కోపగించింది, పిల్లను అడుగుతున్నదని చెప్తారు. లోకం తెలియని ఆ పిల్లను పట్నం మీద కూర్చోబెట్టి దేవత పేరున తాళి కట్టిస్తారు. ఎల్లమ్మకు పెళ్లి చేశామంటారు, ఆమె మీద హక్కు మాత్రం ఊరి మగవాళ్లు తీసుకుంటారు. జాతరలో ఆడాలి, చావుకు శవం ముందర ఆడాలి, మంగళవారం శుక్రవారం జోగు అడుక్కోవాలి. పుట్టిన పిల్లలకు బళ్లో తండ్రి పేరు రాయించే దిక్కుండదు.

ఆ జడల సంగతి దగ్గరికి పోయి చూడండి. పేలు, చెమట, దుమ్ము కలిసి, నెలల తరబడి దువ్వెన పడక జుట్టు తాడులా ముడిపడుతుంది. మొదట్లోనే గిన్నెడు కొబ్బరినూనె, దువ్వెన పట్టుకుని ఒక పూట ఓపిగ్గా కూచుంటే విడిపోతుంది. ముదిరితే కత్తెర చాలు. ఆ కత్తెర దగ్గరే ఇంటిల్లిపాదికీ చెయ్యి వణుకుతుంది. కోస్తే పిల్ల రక్తం కక్కుకుంటుందని ఎవరో చెప్పి ఉంటారు. జట పెరిగేకొద్దీ మెడ నొప్పి, తల మీద పుండ్లు. ఆ పుండ్లు కూడా తల్లి ఆగ్రహమే అంటారు. అమ్మవారు ఏమీ అనలేదు. అన్నది మనుషులు.

ఈ తల్లి కోపం ఎప్పుడైనా పెద్దిళ్ల మీద పడిందా? జబ్బులు దొర గడీలోనూ వచ్చాయి, పటేలు ఇంట్లోనూ ఎడ్లు చచ్చాయి. కానీ దొర బిడ్డను ఏ ఎల్లమ్మా అడగలేదు. అడిగిందల్లా ఎక్కువగా మాదిగ, మాల ఇళ్ల పిల్లలనే. శిక్ష దేవతదైతే అది కులం చూసి ఎందుకు పడుతుంది? కులం చూసి పడుతున్నదంటే దాన్ని పంపుతున్నది ఎవరో వేరే చెప్పాలా?

ప్రభుత్వం ఊరుకోలేదు. పొరుగు కర్ణాటక 1982లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో దేవతలకు ఆడపిల్లల్ని అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. మన చట్టం ప్రకారం ఆ తంతు జరిపించినవాళ్లకు, అందులో పాలుపంచుకున్నవాళ్లకు కనీసం రెండేళ్ల జైలు. కన్నవాళ్లే చేయిస్తే అయిదేళ్ల దాకా. బైండ్ల పెద్దలూ, ఇందులో మీ పేరు నేరుగా లేకపోయినా మీ పని ఉంది, గమనించండి. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాదు జిల్లా వర్నిలో ‘చెల్లి నిలయం’ పెట్టి జోగినులను చేరదీశారు. మన పాలమూరులో ఊట్కూరు హాజమ్మ స్వయంగా ఆ బాధ పడి, బయటికొచ్చి, తోటివాళ్ల కోసం సంఘం కట్టి పోరాడింది. ఇంతమంది ఇంత చేసినా జస్టిస్ వి. రఘునాథరావు ఏకసభ్య కమిషన్ రెండు తెలుగు రాష్ట్రాల్లో జోగినులు, దేవదాసీలు సుమారు 80 వేలమంది ఉన్నారని లెక్క చెప్పింది. చట్టం తాళిని ఆపుతుంది. ‘తల్లి కోపగించింది’ అన్న మాటను ఆపలేదు. ఆ మాట ఆగాల్సింది మీ దగ్గర.

అయ్యగార్లూ, మీరు పురాణం చెప్పే రోజున మాండవ్యుడి కథ చెప్పండి. మౌనంగా తపస్సులో ఉన్న ఆ మునిని దొంగలతో కలిపి కొరత వేశారు రాజభటులు. కొరత మీదే బతికి బయటపడి ఆయన తిన్నగా యమధర్మరాజు కొలువుకు పోయాడు. నేను చేసిన పాపమేమిటని అడిగాడు. చిన్నప్పుడు తూనీగలను పుల్లతో గుచ్చావు, దాని ఫలమే ఇది అన్నాడు యముడు. మునికి కోపం నషాళానికంటింది. తెలిసీ తెలియని వయసులో చేసిన చిన్న పనికి ఇంత పెద్ద దండనా? నువ్వే పోయి శూద్ర స్త్రీ కడుపున పుట్టు అని ధర్మదేవతనే శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. అంతటితో ఆగక ఆ ముని ఒక కట్టడి చేశాడు: పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలు ఏం చేసినా అది పాపం లెక్కలోకి రాదు.

భారతంలోని ఆదిపర్వం చెప్తున్నది ఇది. శిక్ష వేసే దేవుడికే శిక్ష పడిన కథ. నేరానికి మించిన దండన వేస్తే యముడు కూడా తప్పు చేసినట్టే. పిల్లల నెత్తిన పాపం వేయడం ధర్మమే కాదు. ఇంత పెద్ద మాట మన ఇంట్లోనే ఉండగా ఏడేళ్ల పిల్లకు పూర్వజన్మ లెక్కలు ఎలా చెప్తున్నాం? పోలియోతో కాలు ఈడ్చుకునే పిల్లగాణ్ణి చూసి ‘ఏం పాపం చేసిండో’ అని ఎలా అనగలుగుతున్నాం?

కర్మ సిద్ధాంతాన్ని అందరికన్నా నిక్కచ్చిగా చెప్పిన బుద్ధుణ్ణి మోలియ సీవకుడనే పరివ్రాజకుడు అడిగాడు: మనిషి పడే ప్రతి బాధా వెనకటి కర్మ ఫలమేనా? కాదన్నాడు బుద్ధుడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలవడం వల్ల, రుతువులు మారడం వల్ల, జాగ్రత్త లేకపోవడం వల్ల, బయటి నుంచి దెబ్బ తగలడం వల్ల బాధలు వస్తాయి; కర్మ ఎనిమిదోది మాత్రమే అన్నాడు. రెండున్నర వేల ఏళ్ల కిందటి మాట. మనం మాత్రం మొదటి ఏడూ వదిలేసి నేరుగా ఎనిమిదో దానికే పోతాం.

‘మన కర్మ’ అనుకుని పాలమూరు ఎన్నేళ్లు కూచుందో గుర్తు చేసుకోండి. పక్కనుంచే కృష్ణ పారుతుంది, చేలు మాత్రం నోరు తెరుచుకుని ఉంటాయి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి, ముసలోళ్లను గడపలో వదిలి దేశమంతా డ్యాములు కట్టడానికి పోయాం. ఏ రాష్ట్రంలో కట్ట లేచినా పాలమూరు కూలీ చెమట ఉందనే పేరొచ్చింది. అది నొసటి రాత అన్నారు. జూరాల కట్టాక, ఆ జలాశయం నుంచి భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతలు పెట్టాక నీళ్లు వచ్చిన చేలల్లో వరి పండింది. మోటారు వేస్తే చెరిగిపోయేది నొసటి రాత ఎట్లయింది? అది దేవుడు రాసింది కాదు, దస్త్రాల్లో రాయకుండా వదిలేసింది.

పాస్టరుగార్లూ, మీ గ్రంథంలో ఈ విషయం మీద ఒక పుస్తకమే ఉంది. యోబు నీతిమంతుడు. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చారు. వారం రోజులు నేల మీద అతని పక్కనే మాటామంతీ లేకుండా కూచున్నారు. అంతవరకు వాళ్లు మంచివాళ్లే. నోరు తెరిచాక పాడైంది. నువ్వేదో పాపం చేసే ఉంటావు, ఒప్పుకో అని వెంటపడ్డారు. పుస్తకం చివర దేవుడు మాట్లాడినప్పుడు కోపగించుకున్నది యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. బలులు అర్పించమన్నది వాళ్లను. వాళ్ల కోసం ప్రార్థన చేయమన్నది యోబును.

సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపాత్ములా అని యేసు ఎదురు ప్రశ్న వేశాడు. కాదని తానే చెప్పి, విన్నవాళ్లను తమ సంగతి చూసుకొమ్మన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం ఇది, వీడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. ఇవన్నీ మీకు తెలిసినవే, నాకన్నా బాగా తెలుసు. అయినా హెచ్‌ఐవీ మన ప్రాంతానికి వచ్చినప్పుడు అది పాపానికి జీతమని అన్న గొంతులు ఉన్నాయి. అన్ని గుడారాల్లోనూ ఉన్నాయి, మీ ఒక్క దగ్గరే కాదు. మొగుడు తెచ్చిన రోగం పెళ్లానికి అంటింది, ఆమె కడుపులో బిడ్డకు అంటింది. ఆ జీతం లెక్క ఎవరికి అందింది? కుష్ఠు రోగానికీ అదే గతి పట్టింది. అది ఒక సూక్ష్మజీవి పని అని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. 1980లలో మందుల కలయికతో పూర్తిగా నయమయ్యే జబ్బైంది. ఒళ్లు నయమైనా, పాపాత్ముడన్న ముద్ర నయం కాక ఊరి బయటే బతికినవాళ్లున్నారు.

ముల్లా సాబులూ, ముజావర్లూ, మీరు ప్రవక్త జీవితంలోని ఒక రోజు గురించి చెప్పండి. ఆయన పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు నల్లబడ్డాడని జనం అనుకున్నారు. కడుపుకోతలో ఉన్న తండ్రికి ఆ మాట గొప్పగా తోచే వేళ. ఒప్పుకుంటే కాదనేవాడు లేడు. ఆయన లేచి, సూర్యచంద్రులు దేవుడి సూచనలు, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని చెప్పాడు. తన బిడ్డ విషయంలోనే ఆకాశానికి అర్థం కట్టనివ్వని మనిషి ఆయన.

ఇంకో మాట. పీర్ల పండుగకు మన ఊళ్లలో అలాయి చుట్టూ హిందువులే ఎక్కువమంది ఆడతారు. ‘హసేన్ హుసేన్’ అని గుండెలు బాదుకుంటారు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుసేన్‌కు, ఆయన చంటి బిడ్డకు చుక్క నీరు దొరకనివ్వలేదు. ఆ దాహం దేవుడి శిక్ష అని అలాయి దగ్గర ఎవడైనా అనగలడా? అన్నవాణ్ణి నిలబడనిస్తారా? మరి మొక్కు చెల్లించనందుకే పీరు కన్నెర్ర చేసి నీ కొడుకును పడగొట్టిందని ఒక బీద తల్లికి ఎట్లా చెప్తారు?

బాధలు పడినవాళ్లంతా శిక్ష పడినవాళ్లే అయితే మనం కొలిచేవాళ్లలో మిగిలేది ఎవరు? సిలువ మీద యేసు, కాటికాపరిగా హరిశ్చంద్రుడు, అడవిలో నిండు చూలాలు సీత. అంత దూరం ఎందుకు, మన కురుమూర్తి స్వామే ఉన్నాడు. కుబేరుడి అప్పు తీర్చలేక, ఆ పోరు పడలేక తిరుమల వదిలి వచ్చి ఈ గుట్టల్లో వెలిశాడని కదా మన పెద్దలు చెప్పే కథ! అప్పుల బాధతో ఊరు విడిచిన దేవుణ్ణి చేతులెత్తి మొక్కుతాం. అప్పుల బాధతో ఊరు విడిచిన రైతును చూసి ‘ఏ పాపం కట్టికుడుపుతున్నదో’ అంటాం.

పెద్ద పెద్దవాళ్లు కూడా ఈ చోట తడబడ్డారు. 1934 జనవరి 15న బిహారులో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అప్పటికి గాంధీజీ అంటరానితనం మీద హరిజన యాత్రలో ఉన్నారు, అంతకు కొన్నాళ్ల ముందే మన ఆంధ్ర జిల్లాలు తిరిగి వెళ్లారు. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఈ భూకంపం అన్నారు. ఉద్దేశం ఎంత మంచిదో చూడండి. అంటరానితనం పోవాలని రవీంద్రనాథ్ ఠాగూర్‌కు కూడా అంతే పట్టుదల ఉంది. అయినా ఆయన ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలుంటాయని, ఈ తర్కం ఎదుటిపక్షం చేతికి కూడా అంతే సులువుగా దొరుకుతుందని రాశారు. సనాతనులు లేచి, గుళ్లలోకి హరిజనులను రానిస్తామన్నందుకే భూమి కంపించిందంటే ఏం జవాబు చెప్తాం? ఆ అభ్యంతరాన్ని గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చు వేశారు. తన మాట మార్చుకోలేదు, ఎదుటి మాట దాచలేదు. నా మటుకు నేను ఈ విషయంలో ఠాగూర్ పక్షం. మంచి పనికి వాడినా దేవుడి తీర్పు అనే కత్తికి పిడి ఉండదు, పట్టుకున్న చేతినీ కోస్తుంది.

1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఆ రోజు సకల పునీతుల పండుగ. చర్చిలు కూలింది ప్రార్థనలో ఉన్నవాళ్ల మీదే. ఎవరి పాపమని యూరప్ అంతా వాదులాడుకుంటుంటే అక్కడి మంత్రి పొంబాల్ ఊరూరి ఫాదరీలకు ప్రశ్నల పట్టిక పంపాడు. భూమి ఎంతసేపు అదిరింది? ఎన్ని ఇళ్లు కూలాయి? సముద్రం ముందు వెనక్కి పోయిందా, ముందుకు వచ్చిందా? ఫాదరీలు చూసింది చూసినట్టు రాసి పంపారు. భూకంప శాస్త్రానికి ఆ జవాబులు ఒక తొలి మెట్టు అయ్యాయి. మతం మనుషులు తీర్పు మాని సాక్ష్యం చెప్తే ఎంత మేలో అందులో ఉంది. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా తుంగభద్రలు ఒక్కసారే పొంగి అలంపురం, కర్నూలు మునిగినప్పుడు మనమూ ‘కృష్ణమ్మ కన్నెర్ర చేసింది’ అనేశాం. జోగులాంబ తల్లి ఊరైన అలంపురమే మునిగితే ఆగ్రహం ఎవరి మీద? వాన ఎంత, డ్యాముల్లో నీళ్లెంత, గేట్లు ఎప్పుడెత్తారు అని అడగడం వల్ల మళ్లీ మునగకుండా ఉంటాం. కృష్ణమ్మ కోపం అంటే అడగాల్సిన ప్రశ్నలన్నీ అక్కడే ఆగిపోతాయి.

ఇంతా చెప్పి, మన ఆచారాలన్నీ చెడ్డవని నేననను. ‘అమ్మవారు పోసింది’ అనే తీరు చూడండి. మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ ఇంట్లో తాలింపు వేయరు, మాంసం వండరు, బయటివాళ్లు రారు. రోగిని వేపాకుల మీద పడుకోబెట్టి, చల్ల అన్నం పెట్టి, తల్లీ అని పిలుస్తూ సేవ చేస్తారు. కోపగించిన దేవతే వచ్చిందని నమ్మారు, కానీ ఆమె వచ్చిన ఒంటిని పాపిష్టి ఒళ్లు అనలేదు, పూజించారు. 1975 తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు, 1980లో ప్రపంచంలోనే లేదన్నారు. టీకా రోగాన్ని పంపేసింది, పోచమ్మ మాత్రం బోనాలందుకుంటూ ఊళ్లోనే ఉంది. ఎవరికీ నష్టం లేదు. కుష్ఠు రోగిని ఊరి బయటికి తోసిన నమ్మకమూ, మశూచి రోగిని తల్లీ అని పిలిచిన నమ్మకమూ ఒకే గడ్డ మీద పుట్టాయి. ఒక నమ్మకం మంచిదో కాదో తేల్చుకోవడానికి ఇంతకన్నా వేరే కొలత అక్కర్లేదు: అది మనిషిని కష్టంలో ఉన్నవాడి దగ్గరికి పంపుతుందా, దూరం తోస్తుందా?

దీపావళి తర్వాత జరిగే కురుమూర్తి జాతరలో ఉద్దాల రోజు తలుచుకోండి. స్వామికి పట్టుబట్టలు మన అమరచింత నేతన్నల మగ్గం మీది నుంచి పోతాయి. పాదుకలు వడ్డెమాన్‌లో మాదిగవాళ్లు నియమంతో కుట్టి ఇస్తారు. ఆ ఉద్దాలు ఊరేగింపుగా గుట్టకు చేరితే వాటి ముందు అన్ని కులాలవాళ్లూ వంగుతారు. ఆ తోలు చెప్పును తీసుకుని తమ నెత్తి మీద, వీపు మీద తామే కొట్టుకుంటారు, చేసిన పాపం పోవాలని. ఎవరి తల మీద వాళ్లే. పక్కవాడి వీపు మీద కొట్టి ‘నీ పాపం పోగొడుతున్నా’ అనేవాడు నాకు కనపడలేదు. పాపం అనే మాట మీద మన మట్టి మనిషికి ఉన్న అవగాహన అది. ఎవరిది వాళ్లు చూసుకోవాలి. ఆ దెబ్బకు కావలసిన చెప్పు కుట్టేది కూడా ఊరు ఏ కులాన్ని దూరం పెట్టిందో ఆ కులమే.

నా మనవులు పెద్దవి కావు.

మీ దగ్గరికి జబ్బుతో వచ్చినవాళ్లకు తాయెత్తు కట్టండి, విబూది పెట్టండి, ప్రార్థన చేయండి, బొట్టు పెట్టండి. ఆ చేత్తోనే “రేపు పొద్దుగాల దవాఖానకు పోయి వచ్చినంకనే నా దగ్గరికి రా” అని చెప్పండి. డాక్టరు మాట మీద లేని గురి మీ మాట మీద ఉంది.

ఆడపిల్లను జోగినిగా విడవాలని ఎవరైనా వస్తే ఆ పని చేయనని మీరే ముందు అనండి. తల్లికి కోపమొచ్చిందని ఇంటివాళ్లు భయపడితే ఆ కోపం నా మీద వేసుకుంటానని భరోసా ఇవ్వండి. పిల్లకు ముప్పుందనిపిస్తే 1098కి ఫోన్ చేయండి, చేయించండి.

ఊళ్లో ఎవరి మీదైనా మంత్రాల నెపం పడితే చీకటి పడకముందే ఆ ఇంటికి పొండి. అందరూ చూసేలా వాళ్ల ఇంట్లో చాయ తాగండి. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రాష్ట్రంలో ఇంకా వస్తూనే ఉన్నాయి. పది మంది పోలీసులు ఆపలేనిది మీరు ఆ అరుగు మీద కూచుంటే ఆగుతుంది.

దేవుడి శిక్ష గురించి చెప్పాలనిపిస్తే, చెప్పాల్సిన చోట్లు బోలెడున్నాయి. కల్తీ పత్తి విత్తనాలు అమ్మే దుకాణం ముందర చెప్పండి. అయిదు రూపాయల వడ్డీకి అప్పిచ్చి పాసుపుస్తకం గుంజుకున్నవాడికి చెప్పండి. కట్నం చాలలేదని కోడల్ని కొట్టే ఇంటికి సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే, కథ అయ్యాక ప్రసాదం పంచకముందు చెప్పండి. బీదోడి ఉసురు మాట అక్కడ ఎత్తండి. అక్కడ మీరు ఎంత గట్టిగా అరిచినా నేనూ మీ పక్కన నిలబడతాను.

దెబ్బ తగిలినవాడు వచ్చినప్పుడు మాత్రం యోబు స్నేహితులు మొదటి వారం రోజులు చేసిన పని చేయండి, చాలు. పక్కన కూచోండి. ఎందుకైందని అడిగితే తెలియదని చెప్పండి. తెలియదన్నందుకు మీ మీద గౌరవం తగ్గదు. ఈ ఊళ్లో ఎవరూ చెప్పని నిజం చెప్పారని పెరుగుతుంది.

ఇట్లు,
మీ అందరి గడపలూ తొక్కిన
అమరచింత వాసి